జాబితాలో లేని గొల్లపల్లి

పార్లమెంటు ప్రతి సమావేశంలోనూ తప్పక వినవచ్చే ప్రశ్నలు కొన్ని ఉన్నవి. గ్రామీణ ప్రాంతాలలో వైద్యుల కొరత వాటిలో ఒకటి. అడిగే సభ్యులు మారుతారు, జవాబిచ్చే మంత్రులు మారుతారు, ప్రభుత్వాలే మారుతాయి. ప్రశ్న మాత్రం మారదు. జవాబు తీరు కూడా మారదు. మంత్రిగారు ఒక పట్టికను సభ ముందుంచుతారు. 2014కు ముందు దేశంలో పోస్టుగ్రాడ్యుయేట్ వైద్య సీట్లు 31,185. ఇప్పుడవి 70 వేలు దాటినవి. ఎం.బి.బి.ఎస్. సీట్లు 51,348 నుంచి లక్షను మించిపోయినవి. ఈ అంకెలలో అబద్ధమేమీ లేదు. అయితే సభ్యుడు అడిగినది వైద్యుడు ఎక్కడ అని. మంత్రి చెప్పినది వైద్యులు ఎందరు అని. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం ఎంతటిదో ప్రెస్ గ్యాలరీలో కూర్చుని రాసుకునే మాబోటి వారికి అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టవచ్చును గాని, అడవిలో జ్వరంతో పడి ఉన్న మనిషికి ఒక్క రాత్రి చాలును.

'ఎక్కడ' అన్న ప్రశ్నకు జవాబు సభలో దొరకదు. అది మరొక జాబితాలో దొరుకుతుంది. కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ కింద పనిచేసే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ ప్రతి సంవత్సరం విడతల వారీగా వెలువరించే సీట్ల కేటాయింపు జాబితా అది. ఏ యువ వైద్యుడు ఏ ఊరిలో, ఏ శాఖలో మూడేళ్లు శిక్షణ పొందుతాడో అందులో ఉంటుంది. దానిమీద పార్లమెంటులో చర్చ జరగదు. పత్రికలలో మొదటి ర్యాంకుల వారి ఛాయాచిత్రాలు వస్తాయి, అంతటితో సరి. కాని దేశ ఆరోగ్య పటాన్ని రాబోయే ముప్పై ఏళ్లకు గీసే కాగితం బడ్జెట్ పత్రం కంటె ఆ జాబితాయేనని నా అభిప్రాయం.

ఆ జాబితా కోసం ఎదురుచూచే ఇళ్లు మన తెలుగునాట తక్కువేమీ కాదు. విజయవాడలో, వరంగల్లులో, కర్నూలులో, కరీంనగరంలో ఎక్కడ చూచినా ఇటువంటి కుటుంబం ఒకటి కనిపిస్తుంది. ఇంటర్మీడియట్‌తో మొదలైన తపస్సు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర ఏళ్ల ఎం.బి.బి.ఎస్.; ఆపైన నీట్ పి.జి. కోసం మరొక ఏడో, రెండేళ్లో గది తలుపు మూసుకుని చదువు. ఆ పరీక్ష కూడా సక్రమంగా జరుగుతుందన్న నమ్మకం లేదు. 2024 జూన్ 23న జరగవలసిన పరీక్షను ముందు రోజు రాత్రి వాయిదా వేశారు. అభ్యర్థులు అప్పటికే పరాయి ఊళ్ల లాడ్జీలలో దిగి ఉన్నారు. అది ఆగస్టు 11న జరిగినది. 2025 పరీక్ష జూన్ 15 నుంచి ఆగస్టు 3కు జరిగినది. రెండు పూటలుగా కాక ఒకే పూట నిర్వహించవలసినదిగా సుప్రీంకోర్టు ఆదేశించడమే అందుకు కారణం. ఇన్ని గండాలు గడచిన తరువాత జాబితా వెలువడే పూట ఇంటిల్లిపాది ఊపిరి బిగబట్టి కూర్చోవడంలో ఆశ్చర్యమేమున్నది?

ఆ జాబితాలో రెండు విషయాలుంటాయి: శాఖ, చోటు. కుటుంబం ముందుగా చదివేది శాఖను. రేడియాలజీయా, చర్మవ్యాధులా, జనరల్ మెడిసినా? ఆ తరువాత చోటును. ఢిల్లీయా, చండీగఢా, హైదరాబాదా? నగరం అయితే పెదవులపై చిరునవ్వు. పేరు వినని ఊరు అయితే మౌనం. ఆ మౌనమే ఈ వారం నా విషయం.

ఈ శిక్షణ పొందే వారిని 'రెసిడెంట్' అని పిలుస్తాము. మాటకు అర్థం నివాసి అని. ఆంగ్ల సాహిత్యం చదువుకున్నవాడిని గనుక మాటల పుట్టుక వెదకడం నాకొక వ్యసనం. 19వ శతాబ్దం చివర అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం ఆస్లర్ ప్రభృతులు ఈ పద్ధతికి రూపు కల్పించినపుడు శిక్షణార్థి ఆసుపత్రిలోనే నివసించేవాడు. రోగి పక్కనే పగలూ రాత్రీ ఉంటేనే వైద్యం పట్టుబడుతుందన్నది అందులోని సూత్రం. అంటే ఆ పదంలోనే చోటు ఇమిడి ఉన్నది. నివాసి ఎక్కడ ఉంటే అక్కడి రోగమే అతనికి పాఠం. అక్కడి భాషే అతని భాష. కొన్నాళ్లకు అక్కడి బడి, అక్కడి ఇల్లు, అక్కడి పలుకుబడి అతనివి. ఉద్యోగం తరువాత వెదుక్కునేది కావచ్చు, కాని దాని దిక్కును నిర్ణయించేది శిక్షణ.

ఇప్పుడు మరొక ఊరి సంగతి చెపుతాను. దాని పేరు గొల్లపల్లి. పేరు వినగానే మన జిల్లాలలో ఎక్కడిదో అనుకుంటారు పాఠకులు. అది ఛత్తీస్‌గఢ్‌లో, పాత బస్తర్ దక్షిణపు కొసన, సుక్మా జిల్లా కోంటా తహసీలులో ఉన్న అటవీ గ్రామం. కేరళ కంటె కాస్త పెద్దదైన పాత బస్తర్ జిల్లా ఇప్పుడు ఏడు జిల్లాలుగా విడిపోయినది. సుక్మా 2012లో దంతెవాడ నుంచి వేరుపడి ఏర్పడినది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ జిల్లాలో ఉన్నది సుమారు రెండున్నర లక్షల మంది. కోంటా ప్రాంతపు దోర్లాల మాటలో తెలుగు ఆనవాళ్లు అడుగడుగునా వినిపిస్తాయి. కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఓరుగల్లు నుంచి తరలివెళ్లి ఆ రాజ్యాన్ని స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకునే ఐతిహ్యం. రాష్ట్రాల సరిహద్దు ఊళ్ల పేర్లను మార్చలేదు, సంతలను మార్చలేదు, రోగులు నడిచే దారిని కూడా మార్చలేదు.

ఆ దారి భద్రాచలం దారి. కోంటా వైపు అడవిలో రోగం ముదిరితే జనం జిల్లా కేంద్రం వైపు ఎంతగా చూస్తారో, గోదావరి వైపూ అంతగానే చూస్తారు. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి ఛత్తీస్‌గఢ్ నుంచి గర్భిణులూ జ్వరపీడితులూ రావడం చాలాకాలంగా ఉన్నదే. కోంటా నుంచి జాతీయ రహదారి పట్టుకుని బయలుదేరిన రోగి మొదట శబరి ఒడ్డున ఛత్తీస్‌గఢ్ దాటాలి. తరువాత చింతూరు మీదుగా ఆంధ్రప్రదేశ్ దాటాలి. చివరకు తెలంగాణలోని భద్రాచలం చేరాలి. పోలవరం ముంపు పేరిట 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసి, భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచిపోయినందున ఏర్పడిన చిత్రం ఇది. ఒక్క ప్రసవానికి మూడు రాష్ట్రాలు! మూడు ప్రభుత్వాలు, ముగ్గురు ఆరోగ్య మంత్రులు, మూడు రకాల ఆరోగ్య కార్డులు. మంచం మోసే నలుగురు మాత్రం ఆ ఊరివారే.

ఈ ప్రాంతం గురించి ఢిల్లీలో మాట్లాడేటపుడు తుపాకుల సంగతి తప్ప మరొకటి వినిపించదు. 2005లో సల్వా జుడుం మొదలైనపుడు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయినవి. వేలాది ఆదివాసీలు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా అడవులకు వలస వచ్చారు. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలిచ్చి పోరులోకి దింపడాన్ని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తప్పు పట్టి నిలిపివేసినది. ఆ తరువాత కాలంలో భద్రతా శిబిరాలూ రహదారులూ అడవి లోపలికి సాగినవి. మావోయిస్టు సమస్యను రూపుమాపడానికి 2026 మార్చి 31ని గడువుగా కేంద్ర హోంమంత్రి ప్రకటించారు. ఆ గడువు మంచిచెడ్డల చర్చ మరొకసారి చేయవచ్చు. నా ప్రశ్న సూటిగా ఇది: తుపాకి వెళ్లిన తరువాత ఆ దారిన వచ్చేది ఎవరు? గనుల కాంట్రాక్టరు వస్తాడు. అతనికెవరూ దారి చూపనక్కరలేదు. అటవీ గుమాస్తా వస్తాడు. పిల్లల వైద్యుడు వస్తాడా?

రావడం లేదని ప్రభుత్వ లెక్కలే చెపుతున్నవి. కేంద్ర ఆరోగ్య శాఖ 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలలో అవసరాన్ని బట్టి చూస్తే శస్త్రచికిత్స నిపుణుల కొరత 83.2 శాతం, పిల్లల వైద్యులది 81.6 శాతం, జనరల్ మెడిసిన్ నిపుణులది 79.1 శాతం, స్త్రీవైద్య నిపుణులది 74.2 శాతం. అంటే ఐదు కుర్చీలు వేస్తే సుమారు నాలుగు ఖాళీ. ఇది దేశం మొత్తం మీద సగటు. సగటులో గొల్లపల్లులు కనిపించవు. సగటు వారి కష్టాన్ని ఇతరులకు పంచి తక్కువ చేసి చూపుతుంది.

జాబితాకూ ఖాళీ కుర్చీకీ గల సంబంధాన్ని నేను పట్టికలలో కనుగొనలేదు. ఢిల్లీలో మా పేటలోనే ఉన్న ఒక తెలుగు కుటుంబంలో చూచాను. తండ్రి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. కూతురు ఎం.బి.బి.ఎస్. ముగించి నీట్ పి.జి. వ్రాసినది. మొదటి విడత జాబితా వచ్చిన సాయంత్రం ఆయన నాకు కబురు చేశారు. వెళ్లేసరికి ఇంట్లో పండుగా లేదు, దుఃఖమూ లేదు. అమ్మాయి కోరిన శాఖే వచ్చినది. చోటు మాత్రం బస్తర్ ప్రాంతం. "అన్నగారూ, మీరు పత్రికలవారు, ఆ వైపు సంగతులు తెలిసినవారు. ఆడపిల్లను అక్కడికి పంపవచ్చునంటారా?" అన్నారాయన. నేను జవాబు వెదుక్కునేలోగా లోపలినుంచి ఆయన అత్తగారు, దుమ్ముగూడెం వైపు పుట్టి పెరిగిన పెద్దావిడ, అందుకున్నారు: "బస్తరా అల్లుడుగారూ? మా పక్కనే గదా! మా సంతకు ఉప్పుకనీ బట్టకనీ వచ్చేవాళ్లలో సగం మంది ఆ అడవివాళ్లే. వాళ్లు మాకు కొత్త కాదు, మేం వాళ్లకు కొత్త కాదు."

ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "నాకు భయం అడవిని చూచి కాదు బాబాయిగారూ. రోగులకు కొదవ ఉండదు. రాత్రి రెండు గంటలప్పుడు చేయి తిరగని పని వచ్చిపడితే పక్కన నిలబడి నేర్పే పెద్ద డాక్టరు ఉంటారా అన్నదే నా సందేహం. ఆ మాట ఆ జాబితాలో ఉండదు గదా" అన్నది. ఇంతకంటె సూటిగా ఈ సమస్యను ఏ పార్లమెంటరీ స్థాయీ సంఘమైనా చెప్పినట్లు నాకు గుర్తులేదు.

ఆ అమ్మాయి సీటులో చేరినది. తరువాతి విడతకు 'అప్‌గ్రేడేషన్' కోరినది. రెండవ విడతలో ఒక పెద్ద నగరం వచ్చినది. ఆ రోజు ఇంట్లో మిఠాయి పంచారు. నేనూ తిన్నాను. ఆ పిల్లను తప్పు పట్టే అధికారం ఎవరికీ లేదు. నిబంధన ఇచ్చిన అవకాశాన్ని లక్షలాది మందివలెనే వినియోగించుకున్నది. అయితే ఆ మాటను గమనించండి: అప్‌గ్రేడేషన్! మెరుగుపడడం! అది ఆ అమ్మాయి వాడిన మాట కాదు, ప్రభుత్వ నిబంధనలలో ఉన్న మాట. కోరికల వరుసలో పై పేరుకు చేరడమనే సాంకేతికార్థంలోనే వారు వాడి ఉండవచ్చు. కాని ఆచరణలో ఆ పై పేరు దాదాపు ఎప్పుడూ నగరానిదే. అడవినుంచి నగరానికి పోవడం మెరుగుపడటమని సర్కారు కాగితమే చెపుతున్నపుడు, నగరంనుంచి అడవికి పొమ్మని ఏ మంత్రి పిలుపునిచ్చినా దానికి విలువ ఏమున్నది?

ఇక న్యాయస్థానాల సంగతి. వైద్య సీట్లు ఎవరివి అన్న వివాదం సుప్రీంకోర్టుకు పాతదే. 1984లో ప్రదీప్ జైన్ కేసులో, స్థానికత పేరిట సీట్లన్నీ దాచుకోరాదనీ, పోస్టుగ్రాడ్యుయేట్ స్థాయిలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదనీ, చదివిన సంస్థకు కొంత ప్రాధాన్యం ఇవ్వవచ్చుననీ కోర్టు చెప్పినది. దాని ఫలితంగానే అఖిల భారత కోటా ఏర్పడినది. పోస్టుగ్రాడ్యుయేట్ సీట్లలో అది 2005లో 50 శాతానికి పెరిగినది. 2025 జనవరి 29న తన్వీ బెహల్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, పి.జి. వైద్య సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ రాజ్యాంగం 14వ అధికరణకు విరుద్ధమని మరల స్పష్టం చేసినది. మనమంతా ఒకే దేశపు నివాసులమన్న ఆ తీర్పులోని భావనతో నాకు పేచీ లేదు. అయితే కోర్టు ముందున్న ప్రశ్న సీటు ఎవరి బిడ్డకు అన్నది. నా ప్రశ్న సీటు ఎక్కడ అన్నది. మొదటి దానిని రాజ్యాంగం నిర్ణయిస్తుంది. రెండవ దానిని నిర్ణయించవలసినది ప్రభుత్వం. ఏ కోర్టూ దాని చేతులు కట్టివేయలేదు.

ప్రభుత్వాలకు తోచిన మందు ఇంతవరకు ఒక్కటే: బాండు. చదువు ముగిసిన తరువాత ఇన్నేళ్లు ప్రభుత్వ సేవ, లేదా ఇన్ని లక్షల జరిమానా. 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ బాండ్లు చెల్లుతాయన్నది. చట్టానికి చెల్లవచ్చును, రోగానికి చెల్లునా? మనసు నగరంలో ఉంచుకుని ఒళ్లు మాత్రం పల్లెకు పంపిన వైద్యుడు హాజరుపట్టీలో కనిపిస్తాడు గాని వార్డులో కనిపించడు. స్తోమత గలవాడు సొమ్ము కట్టి బయటపడతాడు. లేనివాడు రోజులు లెక్కపెట్టుకుంటాడు. చదువంతా ఒక చోట, శిక్ష మరొక చోట అన్నట్లున్న ఈ ఏర్పాటులో పల్లెటూరు జైలుకు పర్యాయపదమైపోయినది.

ఇతర దేశాలవారు ఏమి చేశారు? మన తెలుగువారికి బాగా తెలిసిన అమెరికానే చూద్దాము. అక్కడ మార్చి నెల మూడవ శుక్రవారాన్ని 'మ్యాచ్ డే' అంటారు. వైద్య విద్యార్థులు తమకు కావలసిన ఆసుపత్రులను వరుసగా వ్రాసి ఇస్తారు. ఆసుపత్రులు తమకు కావలసిన విద్యార్థులను వరుసగా వ్రాసి ఇస్తాయి. గణిత సూత్రం ఒకటి ఇద్దరినీ జతపరుస్తుంది. 1952 నుంచి సాగుతున్న పద్ధతి ఇది. దీనిని తరువాత సంస్కరించిన ఆల్విన్ రాత్, దానికి సిద్ధాంతం సమకూర్చినవారిలో ఒకరైన లాయిడ్ షాప్లీ 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ పొందారు. ఆ రోజు కవరు విప్పే బిడ్డను చూస్తూ డల్లాసులోనో డెట్రాయిట్‌లోనో కన్నీరు పెట్టుకునే తెలుగు తల్లిదండ్రులు, కరీంనగర్ తల్లిదండ్రులకు ఏమీ తీసిపోరు.

అయితే నోబెల్ పొందిన గణితం కూడా అమెరికా పల్లెలకు వైద్యులను తెచ్చిపెట్టలేదు. అందరూ నగరాన్నే మొదట వ్రాస్తే ఏ సూత్రమైనా చేయగలిగినది లేదు. అందుకని వారు వేరే మార్గాలు వెదికారు. శిక్షణ కోసం జె-1 వీసాపై వచ్చిన విదేశీ వైద్యులు తరువాత రెండేళ్లు స్వదేశానికి వెళ్లవలసి ఉండగా, వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చే పథకాన్ని నార్త్ డకోటా సెనెటర్ కెంట్ కాన్రాడ్ చొరవతో 1994లో తెచ్చారు. మన ఆంధ్ర, తెలంగాణ కళాశాలల్లో ప్రజల సొమ్ముతో చదివిన ఎందరో వైద్యులు ఆ దారిన అమెరికా మారుమూల ఊళ్లకు వెళ్లి, మంచులో కార్లు నడుపుకుంటూ రైతులకు వైద్యం చేశారు. తెలుగు వైద్యుడు పల్లెకు పోడన్న మాట అందువల్ల నిజం కాదు. పోతాడు. పోయినందుకు ముందు ఒక దారి తెరచుకుంటుందంటే పోతాడు. డకోటాకు ఉన్న తెలివి దంతెవాడకు, కోంటాకు ఎందుకు లేకపోయినదన్నదే ప్రశ్న.

రెండవ పాఠం ఇంకా ముఖ్యమైనది. అమెరికాలో కుటుంబ వైద్యంలో శిక్షణ పొందినవారిలో సగానికి పైగా, శిక్షణ పొందిన చోటికి నూరు మైళ్ల లోపునే స్థిరపడుతున్నారని అక్కడి అధ్యయనాలు తేల్చినవి. ఆ జ్ఞానంతోనే 2010 ఆరోగ్య చట్టంలో, పెద్ద ఆసుపత్రులలో గాక పేదల పేటలలోని ఆరోగ్య కేంద్రాలలోనే రెసిడెన్సీ శిక్షణ ఇచ్చే ఏర్పాటుకు నిధులు కేటాయించారు. విత్తనం ఎక్కడ మొలకెత్తితే అక్కడే వేరు పట్టుతుందన్న రైతు జ్ఞానమే ఇది. దానికి అంకెలు తోడైనవి.

ఛత్తీస్‌గఢ్ అనుభవం కూడా చిన్నది కాదు. రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాదే, 2001లో, గ్రామాల కోసం మూడేళ్ల వైద్య కోర్సు ప్రారంభించినది. వైద్య వర్గాల వ్యతిరేకత నడుమ అది కొద్ది ఏళ్లకే ఆగిపోయినా, అందులో చదివినవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో నిలిచి పనిచేశారు. 2002లో మొదలైన 'మితానిన్' కార్యకర్తల పథకం తరువాత దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తలకు ఆదర్శమైనది. దేశంలోని మొదటి ఆరోగ్య, స్వస్థత కేంద్రాన్ని ప్రధానమంత్రి 2018 ఏప్రిల్ 14న ప్రారంభించినది ఢిల్లీలో కాదు, బస్తర్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో. అదే బీజాపూర్ జిల్లా ఆసుపత్రికి గనుల నిధితో మంచి జీతాలిచ్చి నిపుణులను రప్పించారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు వైద్యులు బిలాస్‌పూర్ సమీపాన గనియారీలో 'జన స్వాస్థ్య సహయోగ్' ఆసుపత్రి నెలకొల్పి, అడవి గ్రామాలకు సేవ చేస్తూ యువ వైద్యులకు శిక్షణ కూడా ఇచ్చారు. రోగి ఉన్న చోట గురువు ఉంటే శిష్యుడు తప్పక వస్తాడని నిరూపించిన ఉదాహరణ ఇది.

ఇదంతా కేంద్రానికి తెలియనిది కాదు. 2020లో నిబంధనలు సవరించి 'జిల్లా రెసిడెన్సీ' అనే పథకం ప్రవేశపెట్టారు. ప్రతి పి.జి. వైద్య విద్యార్థీ తన శిక్షణలో మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయాలి. గత పాతికేళ్లలో వైద్య విద్యలో వచ్చిన సంస్కరణలలో నాకు నచ్చినది ఇది. ఎందుకనగా ఇది శిక్ష కాదు, చదువులో భాగం. కాని మంచి ఆలోచనలు ఢిల్లీ దాటేసరికి చిక్కిపోతాయి. వెళ్లిన వానికి బస లేకపోతే, పని అప్పగించి నేర్పే పెద్ద వైద్యుడు లేకపోతే, కళాశాలకు దగ్గరగా ఉన్న జిల్లానే ఎంచుకుని సరిపెడితే, ఆ మూడు నెలలు హాజరుపట్టీలో మరొక సంతకంగా మిగులుతాయి.

మన చేతిలో ఇంకొక సాధనమూ ఉన్నది. ప్రభుత్వ సేవలో ఉండి పల్లెల్లో పనిచేసిన వైద్యులకు పి.జి. సీట్లలో ప్రత్యేక కోటా ఇవ్వవచ్చునని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు వైద్యాధికారుల కేసులో తీర్పు చెప్పినది. అమెరికాకు వీసా ఎటువంటిదో మనకు ఈ కోటా అటువంటిది: పల్లెకు పోతే దారి తెరచుకుంటుందన్న వాగ్దానం. అటువంటి వాగ్దానం ఏటేటా మారరాదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ కోటాను తగ్గించినపుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు ఆందోళనకు దిగారు. ఖజానా లెక్కలు ప్రభుత్వానికి ఉండవచ్చు; కాని మన్యంలో నాలుగేళ్లు గడిపిన వైద్యునికి ఆట నడుమ నియమం మారిందని చెపితే, ఐదవ ఏడు మన్యానికి వెళ్లేవాడెవడు?

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. వసతులు లేని చోట శిక్షణ పేరిట సీట్లు పెంచితే నాసిరకం నిపుణులు తయారవుతారని వైద్య ప్రముఖులంటారు. ఆ భయం నిరాధారం కాదు. సీట్లు పెంచడమే పనిగా పెట్టుకున్న ఫలితంగా, ఖాళీలు నింపడానికి 2023లో నీట్ పి.జి. అర్హతను సున్నా పర్సంటైల్‌కు దించవలసి వచ్చినది. ఒకవైపు ఎవరూ చేరని సీట్లు, మరొకవైపు ఎవరూ చేరని ఊళ్లు! అందుకే నేను కోరేది బస్తర్‌కు మరికొన్ని సీట్ల అంకె కాదు. ముందుగా గురువు, తరువాత సీటు. మలేరియా, సికిల్ సెల్ రక్తహీనత, పాముకాటు, కష్టప్రసవం – వీటిని చూడనివాడు ఈ దేశంలో నిపుణుడెలా అవుతాడు? మలేరియా నిర్మూలనకు 2020లో బస్తర్‌లో ప్రత్యేక ఉద్యమమే చేపట్టవలసి వచ్చినది. సికిల్ సెల్ నిర్మూలనకు 2023 జూలైలో జాతీయ మిషన్ ఆరంభమైనది. ఆ మిషన్‌కు కావలసిన పాఠశాల ఢిల్లీలో లేదు, అక్కడే ఉన్నది.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. ఒకటి: బస్తర్, భద్రాచలం, చింతూరులను మూడు రాష్ట్రాల మూడు కొసలుగా గాక ఒకే వైద్య ప్రాంతంగా భావించి, మూడు ప్రభుత్వాలూ కేంద్రమూ కూర్చుని ఒప్పందం చేసుకోవాలి, హైదరాబాదు, విశాఖపట్నం, రాయ్‌పూర్, జగదల్‌పూర్ రెసిడెంట్లు సరిహద్దుతో నిమిత్తం లేకుండా అక్కడి ఆసుపత్రులలో జిల్లా రెసిడెన్సీ చేయగలగాలి. తెలుగు తెలిసిన వైద్యుడు కోంటా రోగికి దుబాసీ లేకుండా మాట చెప్పగలడు. అది మాత్రకంటె ముందు పనిచేసే మందు. రెండు: ఆ ఆసుపత్రులలో బోధించే సీనియర్ వైద్యులకు నగరపు ఆచార్యునితో సమానమైన హోదా, జీతం, బిడ్డల చదువుకు ఏర్పాటు కల్పించాలి. మూడు: సేవలో ఉన్నవారి కోటాను కనీసం పదేళ్లపాటు మార్చబోమని చట్టసభలలో మాట ఇవ్వాలి. నాలుగు: కేటాయింపు జాబితా వెలువడే ముందు, ప్రతి సీటు పక్కన అక్కడ ఎందరు బోధకులు నిజంగా ఉన్నారో, రెసిడెంటుకు బస ఉన్నదో లేదో ప్రకటించాలి. అప్పుడే చోటును చూచి భయపడే కుటుంబానికి భయపడవలసినదేమిటో, అక్కరలేనిదేమిటో తెలుస్తుంది.

సీట్ల పట్టిక మరల సభ ముందుకు వచ్చినపుడు మన సభ్యులలో ఎవరైనా ఒకరు లేచి ఒక్క అనుబంధ ప్రశ్న వేయాలని నా కోరిక. ఈ 70 వేల సీట్లలో, కోంటా వైపునుంచి బయలుదేరిన గర్భిణి సూర్యాస్తమయం లోపల చేరుకోగల చోట ఉన్నవి ఎన్ని? మంత్రిగారికి జవాబు సిద్ధంగా లేకపోతే వ్యవధి కోరవచ్చును. ప్రశ్నోత్తరాల నియమాలలో అందుకు అవకాశం ఉన్నది. ఆమెకు మాత్రం వ్యవధి లేదు.